ఏడో పడకకి వచ్చిన క్యారేజీ

సోమవారం

మందుల పెట్టెల అడుగున వేసే అట్టముక్కల్ని పారేయకుండా దాచుకుంటున్నాను, రాసుకోవడానికి. ఈ వార్డులో నోటితో ఏమన్నా మెడలో వేలాడే బిళ్ళ వింటుంది. చేత్తో రాసింది దానికి వినపడదు. సాయంత్రమయ్యేసరికి "డ్యూటీ వివరం చెప్పండి" అని అదే అడుగుతుంది. ఇన్ని పక్కలు మార్చాను, ఇందరికి ఒళ్ళు తుడిచాను, ఇన్ని గొట్టాలు కడిగాను అని అప్పజెబుతాను. ఎవరికి, ఎలా, వాళ్ళు ఏడ్చారా, నవ్వారా అన్నది అది అడగదు. అది అడగనివే ఇక్కడ రాస్తున్నాను.

నా పేరు నూకరత్నం. నలభయ్యారేళ్ళు. కొండమీది ఆసుపత్రిలో, మూడో అంతస్తులో ఆయాని. సముద్రం పాత ఊరిని మింగేశాక ఇక్కడికి ఎక్కివచ్చినవాళ్ళలో నేనొకదాన్ని. ఉద్యోగంతో పాటు ఒక గది ఇచ్చారు, కిటికీ కూడా ఉంది. ఉద్యోగం పోతే గది పోతుంది, కింద లాంచీల రేవులో టార్పాలిన్ కింద పడుకోవాలి. ఇక్కడ నోరు మూసుకుని పడుండేవాళ్ళందరికీ ఇదే కారణం, నాతో సహా.

నాకో అలవాటు ఉంది. చెప్పకుండా మనిషిని ముట్టుకోను. జ్వరాల ఏళ్ళలో ఇదే వార్డులో పదకొండు రోజులు నేనే పడుకుని ఉన్నాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టే దుప్పటి లాగేసి, బియ్యం బస్తాని దొర్లించినట్టు దొర్లించి పోయేవారు. ఒక్కరంటే ఒక్కరు "అమ్మా, పక్కకి తిప్పుతున్నాను" అనలేదు. ఆ మంట ఇంకా చల్లారలేదు నాకు. అందుకే పేరు పెట్టి పిలుస్తాను, వరస కలుపుతాను, చెయ్యబోయే పని చెప్తాను, అప్పుడు చెయ్యి వేస్తాను. అవతలి మనిషికి స్పృహ లేకపోయినా సరే. పనికి రెండింతలు టైము పడుతోందని బిళ్ళ గోలపెడుతుంది. పెట్టుకోనీ, దాని సొమ్మేం పోయింది!

ఇవాళ ఏడో పడకకి కొత్తాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. పక్షవాతం మాటనీ, మింగుడునీ, కుడిపక్కనీ తీసుకుపోయింది. ఒక ముక్కు రంధ్రంలోంచి ఆహారం గొట్టం వేశారు. మంచం పలక మీద పేరు లేదు, "ఏడు" అని మాత్రం ఉంది. "నీ పేరేటి బాబూ?" అని నేనడగడం, ఆయన కళ్ళు మిటకరించడం. ఎంతసేపని?

మధ్యాహ్నం ఆయనకి ఇంటి నుంచి క్యారేజీ వచ్చింది. జ్వరాల తర్వాత బయటివాళ్ళని హాలు దాటి లోపలికి రానివ్వరు. తెచ్చినవాళ్ళు గోడ కిటికీలో పెట్టి తలుపు మూస్తే, ఇటు తలుపు తీసి మేం తీసుకుంటాం. మూడు గిన్నెల స్టీలు క్యారేజీ. మూత మీద అక్షరాలు చెక్కించి ఉన్నాయి. ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా చదివాను. "కోరాడ అప్పలసూరి, పెళ్ళి వంటల కాంట్రాక్టు, పాత రేవు."

ఆయన కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"అదీ సంగతి! సూరి బాబాయ్, నిన్ను పక్కకి తిప్పుతున్నాను" అని చెప్పి తిప్పాను.

మంగళవారం

ఒక వెధవ పని చేశాను. రాసేస్తే కొంచెం బరువు తగ్గుతుందేమో.

గొట్టంతో తినేవాళ్ళకి ఇంటి నుంచి వచ్చిన అన్నం చెత్తడబ్బాలో వేసేయాలని రూలు. ఇంటివాళ్ళకి మాత్రం ఆ సంగతి చెప్పరు. అన్నమంటే మాటలా! ఇప్పుడు ఇంటికి రోజుకి గంటే మంట. ఆ గంట అయిపోగానే పొయ్యి దానంతటదే ఆరిపోతుంది. అందరూ పొట్లాల్లో వచ్చే ముద్దే తింటున్నారు. అలాంటిది ఎవరో తమ గంటంతా కాల్చి అన్నం, చారు, దొండకాయ వేపుడు వండి పంపారు. మూత తీసేసరికి పోపు వాసన కొట్టింది. కాళ్ళు చెత్తడబ్బా వైపు పోలేదు. ఏడో పడక తెర లాగి, స్టూలు మీద కూర్చుని ఆబగా తినేశాను.

తలెత్తి చూస్తే సూరి బాబాయ్ కళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పయిపోనాది బాబాయ్. పారబొయ్యడానికి మనసు రాక తిన్నాను" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. ఎడమచేతి వేలితో గిన్నె చూపించి, ఆ వేలే ముక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు. అడుగున మిగిలిన చారు గిన్నె ముక్కు దగ్గర పెట్టాను. కళ్ళు మూసుకుని వాసన చూశాడు. వేలు అటూ ఇటూ ఆడించాడు.

"బాగోలేదా? పులుపా? కారమా? ఉప్పా?"

ఉప్పు అనగానే రెప్ప వాల్చాడు. నేను మళ్ళీ ఒక గుటక నోట్లో వేసుకుని చూశాను.

"అమ్మ బాబోయ్! చారులో ఉప్పు తక్కువే! వాసనతోనే పట్టేసినావే!"

ఆయన ఎడమ భుజం కదిలింది. నవ్వాడన్నమాట. ఈ వార్డులో మనిషి నవ్వడం చూసి ఎన్నాళ్ళయిందో!

గురువారం

క్యారేజీ మూత లోపల చీటీ అంటించి ఉంది. బాబాయ్‌కి చదివి వినిపించాను.

"నాన్నా, మొన్న అద్దంలో చారులో ఉప్పు తక్కువైందన్నావు కదా. ఇవాళ సరిచూసి వేసాను. నువ్వు వంక పెట్టావు, నాకదే పదివేలు. చేరిన కాణ్ణుంచి మెత్తగా మాట్లాడతంటే అసలు నువ్వేనా అని బయమేసింది. ఇప్పుడు నా గుండె కుదుటపడింది. నీ వరహాలు."

చీటీ ఇంకోసారి చదువుకున్నాను. మాటే రాని మనిషి ఉప్పు తక్కువైందని ఎలా అంటాడు? ఆ మాట అన్నది నేను.

అద్దం అంటే హాల్లో గోడకి ఉన్న తెర. మనిషిని చేర్చుకున్నప్పుడు ఇంటివాళ్ళ దగ్గర పాత వీడియోలు, ఫోన్ మాటలు తీసుకుంటారు. ఆ తర్వాత రోగి ముఖంతో, రోగి గొంతుతో అద్దమే మాట్లాడుతుంది. కెమెరాలోంచి తమ మనిషే కనపడుతున్నాడని ఇంటివాళ్ళు అనుకుంటారు. కాదని చెప్పే కాగితం మీద సంతకం పెట్టేది వాళ్ళే, చీమ తలకాయంత అక్షరాల కింద. ఈ భాగోతం నాకు ఎప్పటినుంచో తెలుసు. బాగున్నాను, నొప్పి లేదు, మందులు వేస్తున్నారు అని నాలుగు ముక్కలు చెబుతుంది కాబోలు అనుకుని ఊరుకున్నాను. నా మెడలోని బిళ్ళలోంచి నా మాటలు ఏరుకుని వాళ్ళ నోట్లో పెడుతుందని మాత్రం తెలీదు.

దుప్పట్ల గది పక్క నడవలో ఒక అద్దాల కిటికీ ఉంది. మనకి హాలు కనపడుతుంది, వాళ్ళకి మనం కనపడం. అక్కడ నిలబడి చూశాను. ముప్పయ్యేళ్ళ మనిషి, సన్నగా, ఎండిపోయిన చేతులు, ముంజేతి మీద నూనె చింది కాలిన మచ్చలు. ఎదురుగా తెరలో సూరి బాబాయ్ శాలువా కప్పుకుని, దిండుకి జారగిలబడి కూర్చున్నాడు. చేతులు రెండూ ఆడిస్తూ మాట్లాడుతున్నాడు. ఆమె పగలబడి నవ్వుతోంది.

తిరిగి వెనక్కి వచ్చేసరికి బాబాయ్ పెదవి మూలనుంచి జొల్లు కారి దిండు తడిసి ఉంది. "తుడుస్తున్నాను బాబాయ్" అని, ఆ మాట కూడా బిళ్ళ వింటుందని గుర్తొచ్చి, మిగతా పనంతా నోరు మూసుకుని చేశాను. నా జన్మలో మొదటిసారి చెప్పకుండా ఒక మనిషి ఒళ్ళు తుడిచాను.

శుక్రవారం

నా నోరు నొక్కేయడానికి ఆ బిళ్ళెవత్తె? ఇవాళ మళ్ళీ మామూలుగానే పిలిచి, చెప్పి, చేశాను.

"బాబాయ్, నీ కూతుర్ని చూడాలనుందా?" అని అడిగాను. ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. వదల్లేదు. గాజులు ఒత్తుకుపోయి ఎర్రగా చారలు పడ్డాయి. అంత బలం ఆ చేతిలో ఉందని డాక్టర్లకి కూడా తెలిసి ఉండదు.

సరేనని మేనేజరు శ్రీవిద్య గారి దగ్గరికి వెళ్ళాను. మంచి మనిషే. నన్ను కూర్చోమంటుంది, 'గారూ' అని పిలుస్తుంది.

"ఏడో పడక ఆయన్ని కూతురికి ఒక్కసారి చూపించండి మేడమ్. ఎక్కువ రోజులు ఉండడు. ఆయనకి అంతా తెలుస్తన్నాది."

ఆవిడ తెర మీద ఏదో చూసింది. "ఆ కుటుంబానికి తృప్తి వందకి తొంభై ఎనిమిది ఉంది రత్నం గారూ. లోపలికి పంపేది యాభైకి తగ్గినప్పుడే. ఇంత బాగున్నవాళ్ళని తీసుకొచ్చి ఆ గొట్టాలు, ఆ వంకర మూతి చూపిస్తే ఏమవుతుంది? పాపం, ఆ అమ్మాయి బతికున్నన్నాళ్ళూ అదే గుర్తుంటుంది."

"ఆ మూతి ఆళ్ళ నాన్నదే కదమ్మా."

"జ్వరాలప్పుడు నేను ఆ హాల్లో డ్యూటీ చేశాను" అంది ఆవిడ మెల్లగా. "తలలు గోడకి కొట్టుకునేవారు. డాక్టర్ని చొక్కా పట్టుకుని ఈడ్చుకెళ్ళారు. ఇప్పుడు చూడండి, ఎంత ప్రశాంతంగా ఉందో. ఇది కూడా మర్యాదే. మనుషుల్ని బాధ పెట్టకపోవడం."

తొంభై ఎనిమిది ఎలా వచ్చిందో అడిగాను. మంగళవారం వరకూ డెబ్భై ఒకటేనట. ఉప్పు మాటతో ఒక్కసారిగా పెరిగిందట. "మీ పరిశీలన చాలా బాగుంది" అని మెచ్చుకుంది కూడా.

నేను తిన్న ముద్దే ఆయన తలుపుకి గడియ పెట్టింది.

శనివారం

ఇవాళ చింతచిగురు పప్పు వచ్చింది. ఈ కొండ మీద చింతచిగురు ఎక్కడ దొరికిందో మరి! గిన్నె ముక్కు దగ్గర పెట్టాను. బాబాయ్ చాలాసేపు వాసన చూశాడు. వంక పెడతాడేమోనని వేలు వైపు చూస్తున్నాను. వేలు ఆడించలేదు. పిడికిలి బిగించి, కణుపుతో మంచం కమ్మీ మీద కొట్టాడు. టక్, టక్. రెండుసార్లు.

"ఏటి కావాల బాబాయ్? నొప్పా? నీళ్ళా? పక్కకి తిప్పమంటావా?"

మళ్ళీ టక్, టక్.

దేనికీ రెప్ప వాల్చలేదు. దుప్పటి మార్చాను, కాళ్ళు సర్దాను, గొట్టం చూశాను. ఆఖరికి నర్సుని పిలిస్తే సూది వేసి పడుకోబెట్టింది. బిళ్ళ ఏమీ అనలేదు, దానికి మాటలే తప్ప చప్పుళ్ళు లెక్కలోకి రావు.

ఆదివారం

ఇవాళా అంతే. పులుసు వాసన చూశాడు, కమ్మీ మీద రెండుసార్లు కొట్టాడు. నా మొద్దు బుర్రకి ఏమీ తట్టలేదు.

కడిగిన క్యారేజీ తిరిగి పంపేటప్పుడు అడుగు గిన్నెలో ఒక అట్టముక్క పెట్టాను. "అద్దాన్ని నమ్మకమ్మా. మీ నాన్న మాట్లాడలేడు. నిన్ను చూడాలంటున్నాడు. గొడవ చేసైనా లోపలికి రా." అని రాశాను. కిటికీ తలుపు మూయగానే ఎర్రలైటు వెలిగింది. లోపలి నుంచి బయటికి పోయే ప్రతిదాన్నీ అది చూస్తుందని నాకేం తెలుసు!

సోమవారం

ఆఖరి హెచ్చరిక ఇచ్చారు. ఇంకొక్క తప్పు చేస్తే గది ఖాళీ చేయాలి. శ్రీవిద్య గారు కోప్పడలేదు, నా వైపు జాలిగా చూసింది. తిట్టినా బాగుండేది.

సూరి బాబాయ్ బాగా నీరసించాడు. గోళ్ళు నీలంగా మారుతున్నాయి. గిన్నె దగ్గర పెడితే మళ్ళీ కమ్మీ కొట్టబోయాడు. ఒకటే దెబ్బ పడింది, రెండోదానికి చెయ్యి లేవలేదు. నేనే ఆ చెయ్యి పట్టుకుని, "రేపు నీ కూతుర్ని తీసుకొత్తాను బాబాయ్, నామీద ఒట్టు" అన్నాను. ఎందుకన్నానో! ఇంటికి వెళ్ళి నా గది చూసుకున్నాను. కిటికీలోంచి రేవులోని టార్పాలిన్లు కనపడుతున్నాయి. రేపు కాదు, ఎల్లుండి చూద్దాంలే అనుకున్నాను. ఈ మాట రాస్తుంటే నా చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది.

మంగళవారం

మధ్యాహ్నం నేను మూడో పడక దగ్గర ఉండగా పోయాడు. పక్కన ఎవరూ లేరు. గిన్నె అప్పటికింకా మూత కూడా తీయలేదు.

"బాబాయ్, ఒళ్ళు తుడుస్తున్నాను. చెయ్యి ఎత్తుతున్నాను. గొట్టం తీసేస్తున్నాను, ఇంక దీంతో పనిలేదు." అన్నీ చెప్పే చేశాను. జుట్టు కుదురుగా దువ్వాను. బండి మీద వేసుకుని కింద శవాలుంచే చల్లగదికి తీసుకుపోయారు. పలక మీద "ఏడు" చెరపలేదు. చెరపరేమని అడిగితే బిళ్ళ చెప్పింది, "ఏడో పడకకి రేపట్నుంచి నాలుగు రోజుల మెత్తబాటు" అని.

మెత్తబాటు గురించి వినడమే తప్ప ఎప్పుడూ చూడలేదు. ఉన్నట్టుండి పోయారని చెబితే ఇంటివాళ్ళు తట్టుకోలేరట. అందుకని అద్దంలో మనిషిని నాలుగు రోజులు కొంచెం కొంచెంగా నీరసపరుస్తారు. అయిదో రోజున, నిద్రలో ప్రశాంతంగా పోయారని చెబుతారు.

బుధవారం

క్యారేజీ వచ్చింది. అరటికాయ వేపుడు, మజ్జిగ పులుసు. ముట్టుకోలేదు. మూత కూడా తీయలేదు. నేనేమీ మాట్లాడకపోయేసరికి, ఆకలి లేదని అద్దం తనంతట తానే చెప్పిందట. వరహాలు హాల్లో నేల మీద కూలబడి ఏడ్చిందట. తృప్తి నలభైకి పడిపోయింది.

"చూపించెయ్యండి మేడమ్, యాభైకి తగ్గింది కదా!" అన్నాను ఆశగా.

"మెత్తబాటు మొదలయ్యాక లోపలికి పంపడం ఉండదు రత్నం గారూ. రేపట్నుంచి ఎప్పటిలాగే మీరు తిని, రుచి చెప్పండి. ఇంకో మూడు రోజులే. ఆ అమ్మాయి కోసం."

గురువారం

తిన్నాను.

మా వాళ్ళలో మనిషి పోతే అతనికి ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా దూరంగా నిలబడి ఎదురుచూస్తారు. ముడితే ఆత్మ శాంతించినట్టు. ఇవాళ ఆ కాకిని నేనే. అక్కడ ఆ పిల్లకి తండ్రి పోయిన సంగతే తెలీదు, ఇక్కడ నేను పిండం తింటున్నాను.

కూర అమృతంలా ఉంది. ఏడుపాగక "బాగుందమ్మా, చాలా బాగుంది" అన్నాను. అరగంటకి శ్రీవిద్య గారు పరుగెత్తుకొచ్చింది. అద్దం ఆ మాటే చెప్పిందట. వరహాలు వెంటనే లేచి నిలబడి, "మా నాన్న జన్మలో నా వంట బాగుందనలేదు. ఎవుల్రా నువ్వు?" అని తెరని నిలదీసిందట.

"ఏదో ఒక వంక పెట్టండి రత్నం గారూ. ఉప్పు అనండి, ఏదైనా అనండి."

"ఉప్పు సరిగ్గా ఉంది మేడమ్."

"అయినా సరే."

"ఉప్పు తక్కువైంది" అన్నాను. నా నోరు పడిపోనూ! హాల్లో ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని మళ్ళీ కూర్చుంది.

శుక్రవారం

ఇది చివరి అట్టముక్క. లాంచీల రేవులో టార్పాలిన్ కింద కూర్చుని రాస్తున్నాను.

ఇవాళ క్యారేజీ అందుకోగానే వార్డులోకి తీసుకెళ్ళలేదు. అలాగే పట్టుకుని, బిళ్ళ చూపించి తలుపు తీసుకుని, తిన్నగా హాల్లోకి నడిచాను. పదిహేను మంది దాకా ఉన్నారు, ఎవరి అద్దం ముందు వాళ్ళు. వరహాలు ముందు సూరి బాబాయ్ నీరసంగా జారగిలబడి ఉన్నాడు, మూడో రోజు కదా. పక్క కుర్చీలో కూర్చున్నాను.

"నువ్వే కదమ్మా వరహాలువి? నా పేరు నూకరత్నం. లోపల మీ నాన్న దగ్గర పని చేస్తాను. నీకో మాట చెప్పాల. చెప్పేముందు నీ చెయ్యి పట్టుకుంటాను."

ఆమె బెదిరిపోయి నా చేతిలోని క్యారేజీ వైపు చూసింది. "అది నాన్నకి పెట్టలేదేటి?"

నోటితో చెబితే నమ్ముతుందో లేదో. మూత తీసి ఒక ముద్ద కలుపుకుని తిన్నాను. "పులుసులో ఇంగువ చిటికెడు ఎక్కువైంది" అన్నాను.

రెండు క్షణాలు గడిచాయి. అద్దంలో సూరి బాబాయ్ పెదవులు చప్పరించాడు. "పులుసులో ఇంగువ సిటికెడు ఎక్కువైపోనాదే" అన్నాడు.

ఆమె అద్దాన్ని చూసింది, నా నోరు చూసింది. ఇంకో ముద్ద తిన్నాను. "దుంప వేపుడు కరకరలాడుతోంది." తెరలో ఆయన, "దుంప ఏపుడు కరకరలాడతన్నాది" అన్నాడు.

"ఆపండి" అంది వరహాలు. "నాన్న ఏడి? ఏటైపోనాడు?"

"మంగళవారం మధ్యాహ్నం పోయాడమ్మా."

ఆ వెంటనే బిళ్ళ సంగతి గుర్తొచ్చి దాన్ని పిడికిట్లో గట్టిగా మూశాను గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. తెరలో ఆయన కూతురి వైపు చూస్తూ, ఆయన గొంతుతోనే చెప్పాడు. "మంగళారం మజ్జానం పోనానమ్మా."

హాల్లో అందరూ తమ అద్దాల్ని వదిలేసి ఇటు తిరిగారు. ఒక ముసలాయన కుర్చీలోంచి లేచి, తన అద్దంలో నవ్వుతున్న భార్యకి రెండడుగుల దూరం జరిగాడు.

వరహాలు నా జాకెట్టు పట్టుకుని లేపింది. "బుదారం నుంచి మూడు పూటలు! గంజి తాగి పడుకుని, ఉన్న గంట మంటా ఆయనకే కాల్సినాను. సచ్చిపోయినోడికి వండించుకున్నారు నా సేత. తిన్నావా నువ్వు? ముద్దెలాగ దిగింది నీకు?"

"దిగింది తల్లీ. దిగింది కాబట్టే వచ్చాను. ఆయన బతికుండగా రావాల్సిందాన్ని. తీసుకొస్తానని ఒట్టేశాను, రాలేదు. నా గది పోతుందని భయపడ్డాను."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పట్టు వదిలేసి కుర్చీలో కూలబడింది. "ఆకర్న నాకోసం ఏటన్నా అడిగినాడా?" అంది.

"నిన్ను చూడాలనుందా అంటే నా చెయ్యి వదల్లేదు. ఇంకొకటుంది, అది నాకు అర్థం కాలేదు. శనివారం నుంచి నీ గిన్నె వాసన చూసినప్పుడల్లా మంచం కమ్మీ మీద రెండుసార్లు కొట్టేవాడు. నొప్పేమో, ఆకలేమో అనుకున్నాను. సూది కూడా వేయించాను."

వరహాలు ముఖం గుర్తుపట్టలేనట్టుగా మారిపోయింది. "శనారం ఏటి పంపినాను? సింతసిగురు పప్పు కదా?"

"అవును."

"పెళ్ళోరి వంటల్లో రుసి సూడకూడదమ్మా, ఎంగిలైపోద్ది. మా నాన్న వాసన్తోనే సూసేవోడు. అన్నీ కుదిరితే గరిటెతో గుండిగ అంచు మీద రెండు దెబ్బలు కొట్టేవోడు. కుదిరింది, పొయ్యి మీంచి దింపండ్రా అని. ఆ సప్పుడు ఇంటేనే కుర్రోళ్ళు దింపేవోరు." తన క్యారేజీ గిన్నె కేసి చూసింది. "సిన్నప్పట్నించీ వండతన్నాను. నా వంటకి ఒక్కపాలీ కొట్టలేదు."

చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు! మూడు రోజులు సూరి బాబాయ్ తన కూతురికి చెప్పమని మొత్తుకున్నాడు. నేను పక్కలు మార్చాను.

శ్రీవిద్య గారు నడవలోంచి పరుగెత్తుకొస్తోంది. నేను వరహాలు చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను. నా బిళ్ళకి ఇంకా తలుపులు తెరుచుకుంటున్నాయి. ఒక్కో తలుపు దగ్గరా "అనుమతి లేని వ్యక్తి" అని అరుస్తోంది. అరవనీ.

చల్లగదిలో ఇనుప అరలు. "ఏడు" అన్న అర లాగాను. దువ్విన జుట్టు దువ్వినట్టే ఉంది. వరహాలు ఆ వంకర మూతిని చూసింది. తల గోడకి కొట్టుకోలేదు, ఎవరి చొక్కా పట్టుకోలేదు. చెయ్యి ముందుకి చాచి ఆగిపోయింది.

"చెప్పి ముట్టుకోమ్మా. ఆయనకి అలాగే అలవాటు" అన్నాను.

"నాన్నా, నాను వరహాల్ని. ముట్టుకుంతన్నాను" అని చెంప మీద చెయ్యి వేసింది. చెవి దగ్గరికి వంగి, శ్మశానానికి తీసుకెళ్ళేటప్పుడు దారిలో దింపి, ప్రాణముందేమోనని పిలుస్తారే, అలా మూడుసార్లు పిలిచింది. నాన్నా, నాన్నా, నాన్నా. కొంచెంసేపు ఎదురుచూసింది. ఆయన పలకలేదు.

తలుపు అవతల ఎవరో గట్టిగా బాదుతున్నారు. వరహాలు కళ్ళు తుడుచుకుంది. పిడికిలి బిగించి, కణుపుతో ఆ ఇనుప అర అంచు మీద రెండుసార్లు కొట్టింది. టక్, టక్.

"ఇంటికి తీసుకుపోతాను. దింపుదాం రండమ్మా" అంది.

తల వైపు ఆమె పట్టుకుంది, కాళ్ళ వైపు నేను పట్టుకున్నాను. "సూరి బాబాయ్, నీ కూతురూ నేనూ కలిసి నిన్ను దింపుతున్నాం" అని చెప్పాను. దింపాం.